హతుల పక్షమున

వరుసగా హత్యలు చేయు హంతకుని కథను ఒక్క నవలతో ముగింపక, రెండవ నవలకును మూడవ నవలకును కొనసాగింపదలచిన రచయిత, తాను చెప్పబోవునది ఎవరి కథయో మొదటి నవల వ్రాయునాడే తేల్చుకొనవలసియుండును. అది నేరమును ఛేదించువాని కథ కావచ్చును, నేరము చేసినవాని కథ కావచ్చును, ఆ నేరమునకు బలియైనవారి కథయు కావచ్చును. ఈ మువ్వురిలో మొదటి ఇద్దరికిని గ్రంథమున చోటు దానంతట అదియే దొరకును. పరిశోధకుడు లేక కథ నడవదు, హంతకుడు లేక కథ పుట్టదు. బలియైనవారి సంగతి అట్లు కాదు. వారు మొదటి అధ్యాయమున శవములుగా ప్రవేశించి, రెండవ అధ్యాయమున శవపరీక్షకు లోబడి, మూడవ అధ్యాయము నాటికి పోలీసు కాగితములలో అంకెలుగా మారిపోవుదురు. పుస్తకము మూసిన పిమ్మట హంతకుని పేరు పాఠకుని నాలుకపై ఆడుచుండును గాని, వాని చేత చచ్చినవారిలో ఒక్కరి పేరైనను జ్ఞప్తికి రాదు. సీరియల్ కిల్లర్ నవలలకును, వానిని అనుసరించి వచ్చు సినిమాలకును, ఇంటింట ఫోను తెరలపై నడచు ధారావాహికలకును పట్టిన జాడ్యము ఇదియేయని నా దృఢవిశ్వాసము. ఇది రచయితల నైపుణ్యలోపము వలన పుట్టినది కాదు. కథ ఒక నవల నుండి మరియొక నవలకు పెరుగుచున్న కొలది వారు తమకు తెలియకయే హంతకునితో చేసికొను రాజీల వలన పుట్టినది.

ఈ మాటను పరీక్షించి చూచుటకు అమెరికా రచయిత థామస్ హ్యారిస్ వ్రాసిన నాలుగు నవలలకంటె తగినవి నాకు కానరావు. 1981లో వెలువడిన 'రెడ్ డ్రాగన్', 1988 నాటి 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్', 1999 నాటి 'హానిబల్', 2006 నాటి 'హానిబల్ రైజింగ్' అను ఈ నాలుగింటిని కాలక్రమమున చదివినవానికి, ఒకే రచయిత ఒకే పాత్రను ఇరువదియైదేండ్లు వెంటబెట్టుకొని నడచుచు, హతుల పక్షమును విడిచి హంతకుని పక్షమునకు ఎట్లు చేరెనో తేటతెల్లమగును. హ్యారిస్ అల్పుడైన రచయిత కాడు. ఈ శాఖలో అంతటి వాక్యశిల్పి, అంతటి పరిశ్రమశీలి అరుదు. అట్టివాడు దారి తప్పెను గనుకనే ఆ తప్పిన దారి పరిశీలింపదగినదగుచున్నది.

తెలుగు పాఠకునకు డిటెక్టివు నవలల పరంపర కొత్తది కాదు. అద్దెకు నవలలిచ్చు దుకాణములు వీధివీధిని వెలసిన కాలమున కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును, ఆయన సహాయకుడైన రాజును ఎరుగని చదువరి లేడనిన అతిశయోక్తి కాదు. ఆ నవలలలో నేరస్థుడు ప్రతి పుస్తకమునను మారుచుండును, పరిశోధకుడు స్థిరముగా నుండును. పాఠకుడు మరల మరల వచ్చునది పరిశోధకుని బుద్ధిని చూచుటకు, అతనిపై నున్న నమ్మికతో. షెర్లాక్ హోమ్స్ నాటినుండి లోకమున డిటెక్టివు కథల నిర్మాణము ఇదియే. హ్యారిస్ నవలలలో ఈ నిర్మాణము తలక్రిందులైనది. పరిశోధకుడు మొదటి నవలలో విల్ గ్రేహమ్, రెండవదానిలో క్లారిస్ స్టార్లింగ్. మారక నిలిచినవాడు కారాగారమున నున్న హంతకుడు, హానిబల్ లెక్టర్ అను వైద్యుడు. ఇతడే నాలుగు పుస్తకములకును వెన్నెముక యగునని హ్యారిస్ మొదట అనుకొనలేదు. 'రెడ్ డ్రాగన్'లో లెక్టర్ కొద్ది అధ్యాయములలో మాత్రమే కనిపించు చిన్న పాత్ర. చిన్న పాత్ర పెరిగి పెద్దదై ఇంటి యజమానినే బయటకు నెట్టుట ఎట్లు సంభవించినదో తెలియవలెనన్న మొదటి నవల పుట్టుకను కొంత విపులముగా చూడవలెను.

హ్యారిస్ 1940లో టెనెసీ రాష్ట్రమున జన్మించి, మిసిసిపీలో పెరిగి, టెక్సాసులోని వేకో నగరమున బేలర్ విశ్వవిద్యాలయములో చదువుకొనుచునే అచటి పత్రికకు విలేఖరిగా పనిచేసెను. పిమ్మట న్యూయార్కు చేరి 1974 వరకు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థలో ఉద్యోగము చేసెను. 1975లో మొదటి నవల 'బ్లాక్ సండే' వెలువడెను. నేరవార్తలు వ్రాయు విలేఖరికి అలవడు గుణములు మూడు ఆ పిమ్మటను అతనికి నిలిచినవి: స్థలమునకు స్వయముగా పోవుట, పనిచేయువారి పనిని వారి మాటలలోనే నేర్చుకొనుట, చచ్చినవాని ఇంటి తలుపు తట్టుటకు జంకకుండుట. 1970 దశకపు చివరలో వర్జీనియా రాష్ట్రమున క్వాంటికో అను చోట ఎఫ్.బి.ఐ. వారి శిక్షణాలయములో రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ మొదలగు అధికారులు చెరసాలలందున్న 36 మంది హంతకులను ప్రశ్నించి, హత్యాస్థలమును చూచి హంతకుని స్వభావమును ఊహించు పద్ధతి నొకదానిని రూపొందించుచుండిరి. హ్యారిస్ అచటకు పోయి వారితో మాటలాడి, వారి పాఠములు వినెను. నేడు ప్రతి సినిమాలోను కనిపించు 'ప్రొఫైలర్' అను పాత్ర జనసామాన్యమునకు పరిచితమగుటకు ఇతని నవలలే ముఖ్యకారణమని చెప్పవచ్చును.

1979 శరత్కాలమున ఇంటిలో ఒకరి అనారోగ్యము కారణముగా అతడు మిసిసిపీకి మరలివచ్చి, రిచ్ అను పల్లెలో ఒక పొరుగువారు వాడుకొనుమని ఇచ్చిన చిన్న ఇంట, విస్తారమైన ప్రత్తిచేని నడుమ, తరచు రాత్రులయందు ఈ నవలను వ్రాసెనట. అచట పదునెనిమిది మాసములుండెను. లెక్టర్ ఉన్న గదికి గ్రేహముతో పాటు తానును పోయినప్పుడు తాను ఎంత కలవరపడెనో, ఆ వైద్యుని చూపు తన మీద పడినట్లు ఎంత సంకోచించెనో ఇరువది యేండ్ల తరువాత ఒక పీఠికలో అతడే వ్రాసికొనెను. తాను సృజించిన హంతకుని యెదుట భయపడు రచయిత ఆ భయము ఉన్నంతకాలము తప్పు చేయడని నాకు తోచును.

'రెడ్ డ్రాగన్'లో హంతకుడు నెలకొకసారి, పున్నమి రాత్రి, ఒక కుటుంబమును సమూలముగా చంపుచుండును. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో జాకొబీవారు, అట్లాంటాలో లీడ్స్‌వారు ఇట్లు హతులైరి. మూడవ పున్నమి లోపల వానిని పట్టవలెను. గ్రేహమ్ చేయు పని యేమి? అతడు హతుల ఇండ్లకు పోయి, ఆ ఖాళీ గదులలో ఒంటరిగా తిరుగును. చనిపోయిన ఇల్లాలు వ్రాసికొన్న డైరీ చదువును. వారు సరదాగా ఇంటివద్ద తీసికొన్న చిన్న సినిమా రీళ్లను మరల మరల వేసికొని చూచును. కుక్క, పిల్లలు, వంటయింటి సామాను, పెరటి తలుపు, ఒకరినొకరు ఆటపట్టించుకొను మాటలు, ఇవి తప్ప వానిలో ఏమియు లేదు. కాని ఈ సామాన్య దృశ్యములలోనే రహస్యము దాగియున్నది. జాకొబీవారి ఇంటికి హంతకుడు తాళము తెగగొట్టు పరికరమును వెంటతెచ్చుకొనెను. హత్య జరుగునాటికి ఆ ఇంటి వెనుక తలుపునకు తాళమే లేదు, తలుపే మార్చివేసిరి. మరి పాత తలుపును, దాని తాళమును వాడెక్కడ చూచెను? ఆ ఇంటివారి సినిమా రీలులో. రెండు కుటుంబముల రీళ్లును సెయింట్ లూయీ నగరములోని ఒకే ప్రయోగశాలలో కడుగబడినవి. హంతకుడు ఫ్రాన్సిస్ డాలర్‌హైడ్ అచట ఉద్యోగి.

ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల దాని నిర్మాణములోని ధర్మమును చూచి నేను చకితుడనగుచుందును. హంతకుడు పట్టుబడుటకు కారణము వాని గొప్ప కాదు, పరిశోధకుని అలౌకికశక్తియు కాదు. ఒక కుటుంబము తన సంతోషమును దాచుకొనిన తీరు. గ్రేహమ్ ఆ కుటుంబమును ప్రేమించునంతగా ఎరిగినవాడు గనుకనే ఆ తాళమును గుర్తింపగలిగెను. పాఠకుడు కూడ ఆ రీళ్లను అతనితో కలిసి చూచినవాడగుటచే, లీడ్స్ దంపతులు, వారి పిల్లలు అంకెలు గాక మనుష్యులైరి. హంతకుని బాల్యము కూడ ఈ నవలలో వివరముగానే చెప్పబడినది: చీలిన అంగిలితో పుట్టి, తల్లిచే విడువబడి, కఠినురాలైన అవ్వ ఇంట పెరిగిన పిల్లవాడు డాలర్‌హైడ్. అతని యెడ జాలి కలుగును. రీబా అను అంధురాలైన యువతి అతనిని ప్రేమించి, మత్తునిచ్చి పరుండబెట్టిన పెద్దపులిని చేతితో తడవి చూచు ఘట్టము గత శతాబ్దపు నేరసాహిత్యమున అత్యంత సుందరమైనవానిలో ఒకటి. అయినను ఈ జాలి ఆ రీళ్లలోని నవ్వులను కప్పివేయదు. త్రాసు రెండవ పళ్లెమున బరువున్నది.

కావున హంతకుని పూర్వచరిత్ర చెప్పుటయే దోషమని వాదించువారితో నేను ఏకీభవింపను. చరిత్ర చెప్పవచ్చును, ఎదుట ఎవరిని నిలిపి చెప్పుచున్నారన్నదే చూడవలెను. మన మహాభారతమున సౌప్తికపర్వము ఇట్టి కథయే. తండ్రి వధకు ప్రతీకారము తీర్చుకొనదలచిన అశ్వత్థామ అర్ధరాత్రమున పాండవశిబిరమును ప్రవేశించి, నిద్రించుచున్న ధృష్టద్యుమ్నుని, ద్రౌపది కుమారులను ఐదుగురిని చంపెను. అతని కోపమునకు హేతువు కలదు. ద్రోణుడు మోసముచే హతుడైన మాట నిజము. ఆ హేతువును కవి దాచలేదు. కాని ఆ రాత్రి తరువాత వచ్చునది అశ్వత్థామ పరాక్రమవర్ణన కాదు, ద్రౌపది శోకము. ఆ పర్వము తరువాత వచ్చునది స్త్రీపర్వము, గాంధారి యుద్ధభూమిలో నడచుచు చచ్చినవారిని ఒక్కొక్కరిని పేరుతో గుర్తించి విలపించు పర్వము. తిక్కన తెనిగించిన ఈ రెండు పర్వములను పక్కపక్కన పెట్టి చదివినచో, హత్యను వర్ణించిన కవి ఆ హత్యకు ఋణపడియుండునని, ఆ ఋణము హతుల పేళ్లు పలుకుటచే మాత్రమే తీరునని మన పూర్వులు ఎరిగియుండిరని నాకు తోచును. సీరియల్ కిల్లర్ నవలాపరంపరకు ఇంతకంటె ఉత్తమమైన ప్రమాణము నాకు తెలియదు.

రెండవ నవల ఈ ప్రమాణమునకు ఇంకను దగ్గరగా నున్నది. 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్'ను జనులు లెక్టర్ నవలగా జ్ఞాపకముంచుకొనిరి. 1991లో జొనాథన్ డెమ్మీ తీసిన చిత్రమున ఆంథొనీ హాప్‌కిన్స్ నటన అంతటిది. ఉత్తమ చిత్రము, దర్శకుడు, నటుడు, నటి, అనుసరణ రచన అను ఐదు ముఖ్యమైన ఆస్కారు బహుమతులను ఆ చిత్రమే గెలుచుకొనెను. కాని నవలను శ్రద్ధగా చదివినచో దాని హృదయము లెక్టర్ చెరలో లేదు; ఒహాయోలోని బెల్వెడేర్ అను చిన్న ఊరిలో, ఫ్రెడ్రికా బిమ్మెల్ అను చనిపోయిన అమ్మాయి గదిలో నున్నది.

శిక్షణ ఇంకను ముగియని విద్యార్థినియైన క్లారిస్ స్టార్లింగ్, పై అధికారులందరు, ఆడపిల్లలను చంపుచున్న హంతకుడు (లెక్టర్ కాదు, వేరొకడు) మరియొక చోట దొరకినాడని అటు పరుగెత్తుచున్న దినమున, ఎవరును పట్టించుకొనని ఆ ఊరికి పోయి, ఆ అమ్మాయి తండ్రి అనుమతి తీసికొని మేడమీది గదికి ఎక్కును. ఫ్రెడ్రికా హంతకుని చేతిలో మొదట చచ్చినది. ఆమె శరీరమునకు మాత్రము బరువు కట్టి నీటిలో ముంచియుండుటచే ఆలస్యముగా బయటపడినది. క్లారిస్ ఆ గదిలో నగల పెట్టెను తడవి చూచును, దుస్తుల అలమరను తెరచును. ఫ్రెడ్రికా కుట్టుపని తెలిసినది, లావుపాటి పిల్ల, తన దుస్తులు తానే కుట్టుకొనునది. సగము కుట్టిన ఒక గౌనును, దాని మీద కత్తిరింపుకై గీసిన త్రికోణపు గుర్తులను చూచినంతనే క్లారిస్‌కు హంతకుడు తాను చంపిన ఆడపిల్లల చర్మము నుండి ఆ ఆకారమున ముక్కలు ఏల కత్తిరించుచున్నాడో తెలియును. వాడు కుట్టుపని తెలిసినవాడు. ఫ్రెడ్రికా వాని నెరిగియుండెను. కథ ఛేదింపబడినది లెక్టర్ చెప్పిన పొడుపుకథల వలన మాత్రమే కాదు. ఒక బీద పిల్ల కుట్టుగదిని మరియొక బీద పిల్ల గౌరవముతో చూచుట వలన. క్లారిస్ పశ్చిమ వర్జీనియా పల్లెలో పుట్టి, తండ్రిని చిన్ననాట పోగొట్టుకొని పెరిగినది గనుక ఫ్రెడ్రికా గది ఆమెకు పరాయిది కాదు.

ఈ నవలలోనే మరియొక ఘట్టమును కూడ తలచుకొనవలెను. హంతకుడు అపహరించిన కేథరిన్ తల్లి సెనేటర్. ఆమె టెలివిజనులో కనబడి హంతకుని ఉద్దేశించి మాటలాడుచు కుమార్తె పేరును పదేపదే ఉచ్చరించును. క్లారిస్ ఆ మాటలలోని చాతుర్యమును గ్రహించును: హంతకుడు తన చేత చిక్కినదానిని వస్తువుగా చూచును, పేరు వినిన కొలది వస్తువు మనిషిగా మారవలసివచ్చును. రచయిత తన కళ యొక్క మర్మమునే ఆ తల్లి నోట చెప్పించెనని నేను భావింతును. లెక్టర్ విషయమున ఇందుకు వ్యతిరేకమైన నిగ్రహమును అతడు పాటించెను. నీకు ఏమి జరిగి ఇట్లయితివని ప్రశ్నించు ప్రయత్నమును ఆ వైద్యుడే తిరస్కరించును. తాను ఏవో సంఘటనల ఫలితము కానని, తనను అట్లు కుదించవలదని చెప్పును. కారణము లేని చెడుగు ఉండునేమో యను భయముతో పాఠకుడు ఆ గది నుండి వెలుపలికి వచ్చును.

లెక్టర్ కు మూలమైన మనిషి గురించి హ్యారిస్ 2013లో, ఈ నవల ఇరువదియైదవ సంవత్సరపు ప్రచురణకు వ్రాసిన పీఠికలో తెలిపెను. ఇరువదిమూడేండ్ల ప్రాయమున ఒక పత్రిక పనిమీద మెక్సికోలోని మాంటెరే కారాగారమునకు పోయి, మరణశిక్ష పడిన ఒక అమెరికా ఖైదీని కలిసికొనెనట. ఆ ఖైదీ పారిపోవ యత్నించి తుపాకి దెబ్బ తినగా చికిత్స చేసిన వైద్యునితో అతడు మాటలాడెను. చిన్న ఆకారము, నిశ్చలమైన నిలుకడ, ఒకవిధమైన సొగసు కలిగిన ఆ మనిషి, ఖైదీ ముఖవైకల్యమును గురించియు, బాల్యమున పడిన హింస మనిషిలో ఏమి మిగుల్చునో దానిని గురించియు అతి సూక్ష్మముగా ప్రశ్నలు వేసెను. అతడు చెరసాల వైద్యుడేయని హ్యారిస్ నమ్మెను. బయలుదేరునపుడు అధికారి చెప్పిన మాట వలన అతడును హంతకుడే యని, అచటి ఖైదీయే యని తెలిసెను. 'సలజార్' అను మారుపేరుతో హ్యారిస్ అతనిని పేర్కొనెను. ఇందు గమనింపదగినది యేమనగా, రచయిత ఆ మనిషి నుండి తీసికొన్నది నేరము కాదు, మాటతీరు. హత్యావివరములను దిగుమతి చేసికొను రచయితలు వేలకొలది. ఒక మనిషి నిలుచుండు తీరును, ప్రశ్నించు తీరును ఇన్నేండ్లు మనసున దాచుకొని పాత్రగా మలచుట ప్రతిభావంతులకే సాధ్యము.

ఇక పతనమును గురించి. 'సైలెన్స్' తరువాత పదునొకండేండ్లకు 'హానిబల్' వచ్చెను. ఈ మధ్యకాలమున సినిమా లెక్టరును లోకప్రియుని చేసెను. జనులు వాని మాటలను అనుకరించుచుండిరి, వాని ముఖకవచమును ఆటవస్తువుగా ధరించుచుండిరి. పాఠకులు కోరునది హంతకునే. హ్యారిస్ పరిశ్రమ మాత్రము తగ్గలేదు; ఫ్లారెన్సు నగరమున 1994లో జరిగిన, వరుసహత్యల నిందితుడు పియెత్రో పచ్చాని విచారణకు హాజరై, ఆ నగరపు చరిత్రను, 1478లో పలాజో వెక్కియో కిటికీ నుండి ఉరితీయబడిన పజ్జీ వంశీయుని కథను నవలలో నేర్పుగా అల్లెను. తప్పు పరిశోధనలో లేదు. తప్పు హతులలో నున్నది.

'హానిబల్'లో చచ్చువారి జాబితాను తీసికొని చూడుడు. కన్నబిడ్డవంటి చెల్లెలిని చెరచిన ధనికుడు మేసన్ వెర్జర్; లెక్టరును పట్టి ఇచ్చి ధనము సంపాదింపదలచిన పోలీసు అధికారి పజ్జీ; క్లారిస్‌ను అవమానించి, ఆమె ఉద్యోగమును పాడుచేసిన ప్రభుత్వాధికారి క్రెండ్లర్. వీరందరు నీచులు, లుబ్ధులు, స్త్రీనిందకులు. వీరు చచ్చునప్పుడు పాఠకునకు కలుగునది భయము గాదు, తృప్తి. లీడ్స్ పిల్లల వంటివారు ఈ నవలలో లేరు, ఫ్రెడ్రికా లేదు. రచయిత హంతకుని మార్చలేదు, హతులను మార్చెను. ఆ ఒక్క మార్పుతో హంతకుడు న్యాయాధిపతి యయ్యెను. పైగా ఇదియే మొదటిసారిగా లెక్టరునకు పూర్వచరిత్ర లభించినది: లిథువేనియాలో యుద్ధకాలమున ఆకలిగొన్న సైనికులు చిన్నారి చెల్లెలు మిషాను చంపి తినిరట. కారణము లేని చెడుగని మనలను భయపెట్టినవాడు కారణము కలిగిన అన్నగా మారెను. చివరకు క్లారిస్ కూడ మందులచేతను, మాటలచేతను లొంగిపోయి, బ్యూనస్ ఎయిరెస్ లో అతనితో కాపురము చేయును. ఫ్రెడ్రికా గదిలో నిలిచిన ఆ పిల్లను ఈ స్థితిలో చూచుట నాకు బాధాకరము. 'సైలెన్స్' చిత్రదర్శకుడు డెమ్మీ, అందు క్లారిస్‌గా నటించిన జోడీ ఫోస్టర్ తరువాతి చిత్రమున పాలుపంచుకొనలేదు; 2001లో రిడ్లీ స్కాట్ తీసిన ఆ చిత్రమునకు ముగింపును మార్చవలసి వచ్చినది.

నాలుగవ నవల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. లెక్టర్ పాత్రపై హక్కులు కలిగిన నిర్మాత డీనో డి లారెంటిస్, హ్యారిస్ వ్రాసినను వ్రాయకున్నను పూర్వకథా చిత్రము తీసియే తీరుదునని రచయితతో చెప్పినట్లు తానే ఒక పత్రికకు వెల్లడించెను. తన పాత్రను ఇతరుల చేతికి ఇచ్చుటకు మనసొప్పక హ్యారిస్ 2006లో 'హానిబల్ రైజింగ్'ను వ్రాసి, 2007లో వచ్చిన చిత్రమునకు కూడ రచన చేసెను. అందు యువకుడైన లెక్టర్ చెల్లెలిని తిన్నవారిని ఒక్కొక్కరిని వెదకి చంపును. ఇది ప్రతీకారకథ, ఇట్టివి మన సినిమాలలో కొల్లలు. నాయకుడు చంపును, చచ్చినవారు చావదగినవారే, ప్రేక్షకుడు చప్పట్లు కొట్టును. వ్యాపారపు ఒత్తిడిని నేను తక్కువగా అంచనా వేయను. రచయిత ఇల్లు నడవవలెను, తన సృష్టిని కాపాడుకొనవలెను. అయినను బీజము ముందే పడినదని చెప్పక తప్పదు: రెండవ నవలలోనే క్లారిస్‌ను అవమానించిన ఖైదీ మిగ్స్‌ను లెక్టర్ మాటలతోనే చంపించినప్పుడు, తన చెరను నడపిన అహంకారి డాక్టర్ చిల్టన్‌ను త్వరలో చూడవత్తునని అతడు జాబు వ్రాసినట్లు నవల చివర చెప్పినప్పుడు, పాఠకుడు ముసిముసిగా సంతోషించెను. ఆ సంతోషమునే రచయిత తరువాత నవలగా పెంచెను. మంచి మనిషియైన పెంబ్రీ అను కావలివాడు కూడ ఆ రెండవ నవలలోనే లెక్టర్ చేతిలో చచ్చెనని ఎందరికి జ్ఞాపకమున్నది?

ఈ చర్చ అమెరికాకు మాత్రమే చెందినదని అనుకొనరాదు. 1888లో లండనులో ఐదుగురు స్త్రీలను చంపినవాడెవడో నేటికిని తెలియదు. వానికి తగిలిన మారుపేరు మాత్రము లోకమంతట తెలియును. ఆ స్త్రీల జీవితములను పరిశోధించి 2019లో 'ది ఫైవ్' అను గ్రంథమును వ్రాసిన చరిత్రకారిణి హాలీ రూబెన్‌హోల్డ్, పాలీ నికొల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీల బాల్యమును, వివాహములను, దారిద్ర్యమును చెప్పి, హత్యల వర్ణనను దాదాపు విడిచివేసెను. నూటముప్పది యేండ్లలో బహు కొద్దిమందియే తలపెట్టిన పని అది.

మన దేశమున ఈ సమస్యకు మరియొక చిక్కు కలదు. అత్యాచారమునకు గురియైనవారి గుర్తింపును ప్రకటింపరాదని భారత శిక్షాస్మృతి 228-ఎ సెక్షను నిషేధించెను; ఇప్పటి భారతీయ న్యాయసంహిత 72వ సెక్షనును అట్లే నిషేధించుచున్నది; పిల్లల విషయమున పోక్సో చట్టము 23వ సెక్షను ఇంకను కఠినము. ఇది న్యాయమైన నిషేధము, ఆ కుటుంబములకు రక్షణ. కాని దాని ఫలితముగా పత్రికలో నిలుచునది నిందితుని పేరు, నిందితుని ఛాయాచిత్రము, నిందితుని ఇల్లు. 2019లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూరున పాడుబావుల నుండి బాలికల మృతదేహములు బయటపడినప్పుడు తెలుగునాట ప్రతివారి నోట నలిగినది ఎవరి పేరో చదువరులకు తెలియును. ఆ పిల్లలలో ఒకతె నాలుగేండ్ల క్రిందటనే తప్పిపోయినదని, ఆ నాలుగేండ్లు ఆ ఇంటిలో ఎట్లు గడచినవోయని ఎందరము తలచితిమి? పత్రికకు చట్టము అడ్డు; నవలకు అడ్డు లేదు. కల్పితమైన పిల్లకు కల్పితమైన పేరు పెట్టి, ఆమె పలకను, ఆమె చెప్పులను, ఆమె కొరకు తలుపు తీసియుంచిన తల్లిని చూపుటకు నవలాకారునకు గల స్వాతంత్ర్యము విలేఖరికి లేదు. వార్త చెప్పజాలనిది చెప్పుటకే నవల పుట్టినదని నమ్మువాడు ఈ స్వాతంత్ర్యమును హంతకుని గది అలంకరించుటకు వెచ్చింపడు.

మన సినిమావారికి ఈ సూక్ష్మము తెలియదని నేననను. తమిళ చిత్రము 'రాచ్చసన్' ఆధారముగా 2019లో వచ్చిన 'రాక్షసుడు'లో బడిపిల్లలు వరుసగా హతులగుచుండగా, కథానాయకుని మేనకోడలే వారిలో ఒకతె యగును. ఆ క్షణమున కథ మారును. అంతవరకు పొడుపుకథగా సాగినది ఇంటి శోకమగును, ప్రేక్షకుడు తన కుర్చీలో కదలలేక కూర్చుండును. అదే చిత్రము ద్వితీయార్ధమున హంతకుని గతమునకు, వాని అవమానములకు సుదీర్ఘమైన చోటిచ్చి, ముందు చచ్చిన పిల్లల పేళ్లను మరపించినది. సుశిక్షితులైన రచయితలు కూడ ఈ ఆకర్షణకు లోబడుదురు. ఏలననగా హంతకుని మనసు రచయితకు కొత్త, చచ్చిన పిల్ల బడిసంచి పాతది. కొత్తదానిని వ్రాయుట సులభము. పాతదానిని చూచినవాని కన్ను చెమ్మగిల్లునట్లు వ్రాయుటకే పనితనము కావలెను.

స్త్రీలను కొట్టుట, వెంబడించుట, చంపుట లేని ఉత్కంఠకథలకు మాత్రమే ఇత్తుమని 2018లో బ్రిటనులో 'స్టాంచ్' అను బహుమతి నొకదానిని స్థాపించిరి. స్త్రీలపై హింస జరుగుచున్న లోకమున దానిని వ్రాయవద్దనుట సరికాదని వాల్ మెక్‌డెర్మిడ్ మొదలగు రచయిత్రులు ఆక్షేపించిరి. ఈ విషయమున నేను మెక్‌డెర్మిడ్ పక్షమే. హత్యను వ్రాయకుండుట పరిష్కారము కాదు. చూపు తిప్పుకొనుట హతులకు చేయు మరియొక అన్యాయము.

హ్యారిస్ 2019లో, పదుమూడేండ్ల మౌనము తరువాత, 'కారీ మోరా' అను నవలను ప్రకటించెను. అందు లెక్టర్ లేడు. నాయిక కొలంబియాలో బాలసైనికురాలుగా బలవంతముగా తుపాకి పట్టి, తప్పించుకొని మయామీ చేరి, ఒక ఇంటికి కాపలాదారుగా పనిచేయుచు, గాయపడిన సముద్రపక్షులకు చికిత్స చేయు కేంద్రమున సేవ చేయుచుండును. హ్యారిస్ కూడ ఆ కేంద్రమున స్వచ్ఛందముగా పనిచేసినవాడేయట. ఇందు హంతకుడు ఒకడు కలడు, మనుష్యుల శరీరములతో వ్యాపారము చేయు క్రూరుడు. కాని రచయితకు వాని మీద ఆసక్తి లేదు, వానికి వాక్చాతుర్యము లేదు, బాల్యశోకము లేదు. విమర్శకులలో పలువురు, లెక్టర్ కొరకు పుస్తకము కొన్న పాఠకులలో ఇంకను పలువురు, ఈ నవల పలుచగా నున్నదని నిరాశపడిరి. కథాసంవిధానమున బలహీనత ఉన్నమాట నిజము. 'రెడ్ డ్రాగన్' వ్రాసిన చేయి ఇందు పూర్తిగా కానరాదు. అయినను హింసను చేసినవానిని గాక, హింసను దాటి బ్రతికినదానిని కథకు నడుమ నిలిపిన ఈ నవలను నేను 'హానిబల్' కంటె ఉన్నతస్థానమున ఉంచుదును.